బోర్డు మీద ఆట, గదిలో రాత

అడ్మిషన్ల సీజన్ వచ్చింది. ఏ ఊరి బస్టాండు దగ్గర చూసినా ఫ్లెక్సీలే. 'ఆటపాటలతో చదువు', 'ప్లే వే', 'మాంటిస్సోరి పద్ధతి' అని పెద్ద అక్షరాలు, పక్కన జారుడుబల్ల మీద నవ్వుతున్న పిల్లాడి ఫొటో. అది చూసి ఎల్‌కేజీలో చేర్పిస్తే రెండు నెలలు తిరక్కముందే సంచిలో నాలుగు గీతల నోట్‌బుక్కు, కర్సివ్ రైటింగ్ పుస్తకం, ఒకటి నుంచి వంద దాకా రాసుకు రమ్మని డైరీలో హోంవర్క్, దాని వెనకే యూనిట్ టెస్టుల టైంటేబుల్ వచ్చేస్తున్నాయి. ఆ పిల్లాడికి నాలుగేళ్లు. చొక్కా గుండీలు ఇంకా అమ్మే పెట్టాలి.

బోర్డు మీద ఒకటి, గదిలో ఇంకొకటి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇది ఏళ్ల తరబడి పట్టపగలే సాగుతోంది. అడిగే నాథుడు లేడు.

మాంటిస్సోరి పేరు లేని పట్టణం మనకు దాదాపు లేదు. ఆ పేరు ఇటలీ డాక్టరు మరియా మాంటిస్సోరిది. ఆమె 1907లో రోమ్ నగరంలోని ఒక పేదల వాడలో తన తొలి బాలల గృహం తెరిచారు. 1939లో మద్రాసు అడయార్‌లోని దివ్యజ్ఞాన సమాజానికి వచ్చి, రెండో ప్రపంచ యుద్ధం వల్ల ఏళ్ల తరబడి ఈ దేశంలోనే ఉండిపోయి, ఇక్కడి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఆమె చెప్పిన గదిలో అరలు పిల్లల చేతికి అందే ఎత్తులో ఉంటాయి. మూడేళ్ల నుంచి ఆరేళ్ల వాళ్లంతా కలిసే కూర్చుంటారు. ఒక పాప చిన్న కూజాలోంచి గ్లాసులోకి నీళ్లు వంపుతుంటుంది. ఒక బాబు సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా ఉన్న పది గులాబీ దిమ్మెలను ఒకదాని మీద ఒకటి పేర్చుతుంటాడు. ఇంకొకరు గరుకు కాగితంతో చేసిన అక్షరం మీద వేలితో దిద్దుతూ దాన్ని పలుకుతుంటారు. ఏ పని పట్టుకోవాలో పిల్లలదే ఇష్టం. టీచర్ ఒకసారి చేసి చూపించి పక్కకు తప్పుకొని గమనిస్తారు. మధ్యలో గంట కొట్టి పని మాన్పించరు. పెద్ద దిమ్మె పైన పడితే కట్టడం కూలుతుంది, వంపు ఎక్కువైతే నీళ్లు ఒలుకుతాయి. తప్పు ఎక్కడుందో పిల్లలకే తెలిసిపోతుంది, ఎర్ర సిరాతో పనే ఉండదు.

ఇందులో మనకు కొత్తేముంది? మన వీధిబడి ఇసుకలో వేలితోనే అక్షరాలు దిద్దించింది. చింతపిక్కలతో వామనగుంటలు ఆడిన పిల్లకు లెక్కపెట్టడం, పంచడం ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఆ చింతపిక్కలను మనమే పారేశాం. ఇప్పుడు వాటికి బదులుగా ఇంగ్లిష్ పేరు పెట్టిన ఆటను అమ్ముతామంటున్నారు. తీరా చేరాక అదీ ఇవ్వడం లేదు. ఫీజు మాత్రం ఆ పేరుకే వసూలు చేస్తున్నారు.

తల్లిదండ్రులే రాత అడుగుతున్నారని, రాయడం రాకపోతే ఒకటో తరగతిలో వెనకబడతారని యాజమాన్యాలు అంటాయి. తల్లిదండ్రుల భయాన్ని మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ ఆ భయమే నిజమైతే ఫ్లెక్సీ మీద 'మా దగ్గర రాత నేర్పుతాం' అనే వేయించుకోవచ్చు కదా! ఆట పేరు చెప్పి పిలవడం ఎందుకు? నాలుగేళ్ల వయసుకు మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు. చపాతీ పిండి పిసికి, కాగితాలు చింపి, పూసలు గుచ్చి, మట్టితో బొమ్మలు చేసి వేళ్లకు పట్టు వచ్చాకే పెన్సిల్ నిలుస్తుంది. ముందే పెన్సిల్ ఇచ్చి పేజీ నింపమంటే చెయ్యి నొప్పి పుడుతుంది, చదువంటే ఏడుపొస్తుంది. పొద్దున్నే బడి ఆటో ఎక్కనని మారాం చేసే పిల్లలు ఏ వీధిలో లేరు?

ఈ మోసంలో ప్రభుత్వాల వాటా తక్కువేమీ కాదు. మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఆటే పునాది అని 2020 జాతీయ విద్యావిధానం రాసుకుంది. ఈ వయసుకు పరీక్షలు తగవని 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ పాఠ్య ప్రణాళిక చెప్పింది. ప్రీ ప్రైమరీ పిల్లలకు పుస్తకాల సంచే ఉండకూడదని 2020 నాటి స్కూల్ బ్యాగ్ విధానం చెప్పింది. 2023 ఫిబ్రవరిలో బొమ్మలు, పజిళ్లు, కథల పుస్తకాలతో 'జాదూయీ పిటారా' పెట్టె విడుదల చేశారు. కాగితం మీద అన్నీ ఉన్నాయి. చట్టం దగ్గరకు వచ్చేసరికి విద్యాహక్కు ఆరేళ్లకు గాని మొదలు కాదు. మూడేళ్లు దాటిన పిల్లలకు ప్రభుత్వం ఉచిత పూర్వ ప్రాథమిక విద్య ఏర్పాటు 'చేయవచ్చు' అని 11వ సెక్షన్ అంటుంది, 'చేయాలి' అనదు. ప్రవేశానికి పిల్లలను గానీ తల్లిదండ్రులను గానీ పరీక్షలు, ఇంటర్వ్యూలతో వడపోస్తే తొలి తప్పుకు 25 వేల రూపాయల దాకా జరిమానా వేయవచ్చనే 13వ సెక్షన్ నర్సరీ ప్రవేశాలకు వర్తించదని 2013లో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. అంటే నర్సరీ బడి గేటు దగ్గరే చట్టం ఆగిపోయింది. లోపల ఏం చేసినా ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు.

మరి అంగన్‌వాడీ? 1975 అక్టోబరు 2 నుంచి ఉన్న వ్యవస్థ అది. ఫీజు కట్టలేని ఇంటి పిల్లల్లో చాలామందికి దొరికే ఆట బడి అదే. అక్కడి టీచరమ్మ అన్నం, గుడ్డు పెట్టాలి, బరువు తూయాలి, బాలింతల లెక్కలు చూడాలి, ఫోన్ యాప్‌లో అన్నీ ఎక్కించాలి, అడిగినప్పుడల్లా సర్వేలకు వెళ్లాలి. ఇక ఆడించేది ఎప్పుడు? పోషణతో పాటు చదువు కూడా అని 2023 మేలో కేంద్రం కొత్త కార్యక్రమం ప్రకటించింది. అదే ఏడాది డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు జీతాలు పెంచమని రోడ్డెక్కారు. సమ్మె 42 రోజులు సాగింది. అప్పటి ప్రభుత్వం వారిపై అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించింది. సమ్మె చేస్తే ఆమెది అత్యవసర సేవ, జీతం దగ్గర మాత్రం గౌరవ వేతనం! ఇక్కడా బోర్డు ఒకటి, గది ఇంకొకటి.

బొమ్మల పెట్టె ఇచ్చి, బొమ్మ విరిగితే లెక్క చెప్పమంటే ఏ టీచరమ్మయినా దాన్ని బీరువాలో పెట్టి తాళమే వేస్తుంది. బొమ్మలు విరగాలి, పుస్తకాలు నలగాలి. విరిగినవాటికి బదులు కొత్తవి ప్రతి ఏడాదీ రావాలి. ఆడించడానికి ఒక మనిషి, వండి పెట్టడానికి ఒక మనిషి ఉంటే సరిపోదు, కాగితాల పని చేసే మూడో మనిషి కావాలి. దీనికి డబ్బు కావాలని మాకు తెలుసు. డబ్బు పెట్టకుండా ఆట గురించి మాట్లాడకండి.

ప్రైవేటు నర్సరీల సంగతికి డబ్బు కూడా అక్కర్లేదు. యూకేజీ దాకా రాత పరీక్షలు, ర్యాంకులు, హోంవర్క్ నిషేధిస్తూ రెండు రాష్ట్రాలూ ఉత్తర్వులు ఇవ్వాలి, తప్పితే గుర్తింపు రద్దు చేయాలి. తల్లిదండ్రులూ ఒక పని చేయాలి. సాయంత్రం పిల్లలు ఇంటికి రాగానే 'ఈరోజు ఎన్ని పేజీలు రాశావు' అని అడగడం మానండి. మీరు అడిగే ఆ ఒక్క ప్రశ్నే వాళ్ల వ్యాపారానికి పెట్టుబడి.

విద్యాశాఖ అధికారులకు ఈ ఫ్లెక్సీలు కనబడటం లేదా? రోజూ వాటి కిందుగానే ఆఫీసుకు వెళ్తున్నారు. జూన్‌లో బడులు తెరిచాక ఒక్కరోజు జీపు దిగి ఎల్‌కేజీ గదిలోకి వెళ్లండి, అరల్లో ఏముందో చూడండి. నోట్‌బుక్కుల కట్టలే కనబడితే, బయటికొచ్చి ఆ బోర్డు మీద 'మాంటిస్సోరి' అన్న మాట చెరిపించాకే జీపెక్కండి.