మాప్ కర్ర ఏమైంది?

మర్నాడు అక్కకి ఇంటర్వ్యూ. ఆపరేషన్ థియేటర్లో స్క్రబ్ నర్సు ఉద్యోగం, అంటే సర్జన్ పక్కన నిలబడి పనిముట్లు అందించే నర్సు. ప్రశ్నలడిగే పెద్దమనిషి వేషంలో బావ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. నన్ను మధ్యలో మాట్లాడొద్దని ఇద్దరూ ముందే చెప్పారు. ఆ సాయంత్రం వాళ్లిద్దరి మాటా కలిసింది అక్కడొక్కచోటే.

బావ: ఊఁ. థియేటర్లో నీకు ఎదురయ్యే కష్టం ఏమిటి?

అక్క: ఇంటర్వ్యూలో నువ్వు అనరండీ.

బావ: సరే, తమరికి ఎదురయ్యే కష్టం?

అక్క: గంటల తరబడి నిలబడాలి. గౌను వేసుకున్నాక చేతులు నడుముకి పైనే ఉండాలి. ముక్కు దురద పెట్టినా గోక్కోకూడదు.

బావ: నాతో మాట్లాడేటప్పుడు నీ చేతులెప్పుడూ నడుముకి పైనే ఉంటాయిగా. ఇందులో కష్టమేముంది?

అక్క: తర్వాతి ప్రశ్న.

బావ: టెన్షన్‌లో కూడా ధైర్యంగా మాట్లాడిన సందర్భం ఒకటి చెప్పండి.

అక్క: ఒకసారి పొట్ట ఆపరేషన్. కుట్లు వేసే ముందు లెక్క చూస్తే ఒక మాప్ తగ్గింది. సర్జన్‌గారు తొందరలో ఉన్నారు. అయినా "సార్, మాప్ లెక్క తేలలేదు, ఆగండి" అని గట్టిగా చెప్పాను.

బావ: (కాలు దించి) ఎక్కడ ఉండిపోయిందని అనుమానం?

అక్క: ఇంకెక్కడ? పొట్టలో.

బావ: పొట్టలోనా! మరి కర్ర?

అక్క: ఏ కర్ర?

బావ: మాప్ కర్రే! అంత పొడుగు కర్ర బయటికి కనపడదూ? లెక్కపెట్టడం దేనికి?

అక్క ఒక నిమిషం పైకప్పు కేసి చూసింది.

అక్క: అది నేల తుడిచేది కాదు మహాప్రభో. మందపాటి గాజుగుడ్డ. రక్తం అద్దడానికి. థియేటర్లో దాన్నే మాప్ అంటాం. మూలకి నాడా ఉంటుంది.

బావ: నాడా! అది కర్రకి కట్టుకోవడానికేగా?

అక్క: కాదు. లోపల పెట్టినప్పుడు నాడా బయటికి వదిలి, దానికో ఫోర్సెప్స్, అదే పట్టకారు లాంటిది, తగిలిస్తారు. మర్చిపోకుండా.

బావ: చూశావా! బయటికో పిడి ఉండాలని వాళ్లకీ తెలుసు. నేను మొదట్నుంచీ చెప్తున్నది అదే.

అక్క: కర్ర పట్టుకుని సర్జన్ ఎక్కడ నిలబడాలట?

బావ: గుమ్మం దగ్గర. తడి మీద తొక్కకూడదు కదా.

(నేను నవ్వు ఆపుకోలేక లేచి వెళ్లి, ఉండలేక మళ్లీ వచ్చి కూర్చున్నాను. అప్పటికీ కర్ర దగ్గరే ఉన్నారు.)

బావ: అసలు ఒక్కో ఆపరేషన్‌కి ఎన్ని వాడతారు?

అక్క: కట్టకి 5. ఎన్ని కట్టలు విప్పితే అన్నీ లెక్కే.

బావ: ఒక్క పొట్టకి ఐదా! మన ఇల్లు మొత్తానికీ ఒకటే ఉంది.

అక్క: ఆ ఒక్కటైనా మీ చేతికెప్పుడన్నా వచ్చిందా?

బావ: (గొంతు సవరించుకుని) తర్వాతి ప్రశ్న. లెక్క తేలకపోతే ఏం చేస్తారు?

అక్క: ఇద్దరు నర్సులం కలిసి పైకి చదువుతూ మళ్లీ లెక్కపెడతాం. బకెట్, నేల, కప్పిన గుడ్డల మడతలు అన్నీ వెతుకుతాం. అప్పటికీ దొరక్కపోతే ఎక్స్‌రే.

బావ: దొరికిపోయావ్! గుడ్డ ఎక్స్‌రేలో పడదు.

అక్క: పడే దారం ఒకటి అందులో వేసే ఉంటుంది.

బావ: ఆ దారం బదులు...

అక్క: కర్ర అన్నారంటే ఊరుకోను.

బావ: అనలేదుగా! సరే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్లకి ఒక చెక్‌లిస్ట్ ఇచ్చింది. దాంట్లో ఎన్ని అంశాలు?

అక్క: 19. మత్తు ఇచ్చే ముందు కొన్ని, కోత పెట్టే ముందు కొన్ని, పేషెంట్‌ని థియేటర్లోంచి తీసుకెళ్లే ముందు కొన్ని. మాప్‌ల లెక్క ఆఖర్న అడుగుతారు.

బావ: ఆ పందొమ్మిదిలో ఎక్కడైనా...

అక్క: లేదు.

లైట్లు ఆర్పేశాక పక్క గదిలోంచి మళ్లీ గుసగుసలు.

బావ: ఇంతకీ ఆ మాప్ దొరికిందా?

అక్క: దొరికింది. బకెట్‌లో ఇంకోదానికి అతుక్కుని ఉంది. పేషెంట్ బాగానే ఉన్నాడు, పడుకోండి.

బావ: సర్జన్ ఏమన్నా అన్నాడా?

అక్క: అరిచాడు. తర్వాత మంచి పని చేశావన్నాడు.

బావ: నీ మీద అరిచాడా! ఎవడు వాడు? రేపు వెళ్లి...

అక్క: ఏం, కర్ర తీసుకెళ్తారా?

కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఇద్దరూ నవ్వడం వినిపించింది. ముందు ఎవరు నవ్వారో తెలియలేదు.

తెల్లారాక గుమ్మంలో బావ ఫైలు తెరిచి పట్టుకున్నాడు.

బావ: సర్టిఫికెట్లు ఆరు, ఫొటోలు రెండు. నువ్వూ పైకి లెక్కపెట్టు. ఇద్దరూ పెట్టాలన్నావుగా.

అక్క: సర్టిఫికెట్లు ఆరు. ఫొటో... ఒకటే ఉంది.

బావ: ఆగు! ఫైలు మూయకు! లెక్క తేలలేదు!

మంచం కింద, బల్ల కింద, చెప్పుల మధ్య వెతికాడు. చివరికి బీరువా కింద ఏదో మెరిసింది. చెయ్యి పట్టలేదు. లోపలికెళ్లి మాప్ తెచ్చి, తిరగేసి, కర్రతో ఫొటో బయటికి లాగాడు. ఆ క్షణంలో ఆయన మొహం చూడాలి!

బావ: ఇప్పుడేమంటావ్?

అక్క: ఎలాగూ చేతిలోకి తీసుకున్నారుగా, నేను వచ్చేలోపు ఇల్లు తుడిచేయండి.