మన క్రిస్మస్‌కి మంచు అక్కర్లేదు

డిసెంబర్ మొదటి వారానికే బేగంబజార్ గల్లీల్లో, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో మంచు అమ్మకానికి వచ్చేస్తుంది. దూదితో చేసిన మంచు, థర్మోకోల్ పూసల మంచు, స్ప్రే డబ్బాలోంచి నురగలా వచ్చే మంచు. పక్కనే కొమ్మల చివర తెల్లరంగు పూసిన ప్లాస్టిక్ చెట్లు, మెరుపు పొడి అద్దిన బంతులు. తెలుగు క్రైస్తవ కుటుంబాలకు డిసెంబర్ నెలంతా పండగే. పండగకి ముందే జరుపుకునే సెమీ క్రిస్మస్ కూటాలు, క్యారల్స్, వచ్చిపోయే చుట్టాలు ఉంటారు కాబట్టి డెకరేషన్ 24వ తేదీ దాకా ఆగదు. ఈమధ్య క్రైస్తవులు కానివాళ్ళు కూడా పిల్లల సరదా కోసం ట్రీ పెడుతున్నారు. అపార్ట్‌మెంట్ లాబీల్లో, ఆఫీసుల్లో సరేసరి. పండగ ఇంతమందిది కావడం నాకు సంతోషమే. కానీ మనం కొంటున్న సామానులో ఎక్కువ భాగం ఈ ఊళ్ళో ఎన్నడూ లేని చలిని అనుకరించడానికి తయారైంది. ఆ అనుకరణకి ప్లాస్టిక్ తప్ప దారి లేదు. ఇంట్లో అందం తగ్గుతున్నదీ, పండగ తర్వాత చెత్త పెరుగుతున్నదీ ఇక్కడే. మంచును పక్కన పెట్టేస్తే ఈ రెండు ఇబ్బందులూ చాలావరకు తీరిపోతాయని నా నమ్మకం.

ఆ మంచు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. ఇంట్లో చెట్టు పెట్టే ఆచారం 16వ శతాబ్దపు జర్మన్ ప్రాంతాలది. 1848లో విక్టోరియా రాణి కుటుంబం అలంకరించిన చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మను లండన్ పత్రిక ఒకటి అచ్చేశాక ఇంగ్లండ్ అంతా అది ఫ్యాషన్ అయింది. శీతాకాలంలో చెట్లన్నీ మోడువారే దేశంలో పచ్చగా నిలబడే ఫర్ చెట్టును ఇంట్లోకి తెచ్చుకోవడంలో వాళ్ళకి అర్థం ఉంది. క్రీస్తు పుట్టిన బేత్లెహేము అలాంటి చోటు కాదు. రాతి గుట్టలు, ఆలివ్ చెట్లు, గొర్రెల మందలు ఉండే ఎండు నేల. మంచు ఎప్పుడో అరుదుగా పడుతుంది. రాత్రివేళ పొలంలో మందను కాసుకుంటున్న కాపరులకే ఆ కబురు ముందు తెలిసిందని లూకా సువార్త చెబుతుంది. గుట్టలూ బండలూ, మంద వెంట గొంగడి కప్పుకుని నడిచే కురుమలూ ఉన్న మన తెలంగాణ నేల ఆ దృశ్యానికి లండన్ కన్నా దగ్గరిది.

క్రీస్తు పుట్టిన పశువుల పాకను ఇంట్లో బొమ్మలతో పెట్టేవాళ్ళు ఈ సంగతి ఒక్కసారి ఆలోచించాలి. 1223లో ఇటలీలోని గ్రెచియో అనే ఊళ్ళో క్రైస్తవ సన్యాసి అసీసీ ఫ్రాన్సిస్ మొదటిసారి ఆ దృశ్యాన్ని కట్టినప్పుడు వాడింది గడ్డి, ఒక ఎద్దు, ఒక గాడిద. మన ఇళ్ళల్లో ఇప్పుడు పాక కింద దూది పరుస్తున్నారు, కప్పు మీద థర్మోకోల్ చల్లుతున్నారు. దూది స్థానంలో దక్కనీ గొర్రెల ఉన్నితో నేసిన నల్ల గొంగడి ఒకటి పరిచి చూడండి. దానిమీద వరిగడ్డి, నాలుగు గులకరాళ్ళు, మట్టి ప్రమిదలు. ఆ నలుపు మీద గడ్డి బంగారు రంగులో కనిపిస్తుంది. ఆవులకీ మనుషులకీ కొండపల్లి బొమ్మలు చక్కగా సరిపోతాయి. పండగ అయ్యాక గొంగడి మళ్ళీ కప్పుకోవచ్చు, బొమ్మలు షోకేస్‌లోకి వెళ్తాయి.

ఇంటి ముందు వేలాడదీసే స్టార్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అది మనకు చేతనైన పని. జర్మనీలో మొరేవియన్ శాఖ క్రైస్తవుల బడిలో 1830ల్లో పిల్లలకు జ్యామితి నేర్పడానికి కాగితంతో చేయించిన నక్షత్రమే తర్వాత ఎన్నో దేశాల ఇళ్ళ ముందు వెలిగింది. మన ఊళ్ళలో అది వెదురుకి మారింది. ఐదు బద్దలను నక్షత్రం ఆకారంలో ఒకదాని మీద ఒకటి వేసి కడతారు. అలాంటివి రెండు చేసి, ఐదు కొసలనూ జతచేసి దారంతో బిగిస్తారు. లోపల బద్దలు ఒకదాన్నొకటి దాటే ఐదు చోట్లా చిన్న పుల్లలు అడ్డంగా నిలబెడితే నక్షత్రం మధ్యలో ఉబ్బి నిలుస్తుంది. పైన పల్చటి రంగు కాగితం మైదా జిగురుతో అంటించి, ఒక ముక్క వదిలేసి, ఆ సందులోంచి బల్బు హోల్డర్ లోపలికి దించుతారు. పాత జీరో బల్బు పేరుకే జీరో. పదిహేను వాట్ల దాకా లాగేది, ఆ వేడికి కాగితం పెళుసెక్కేది. ఇప్పుడు అర వాట్ ఎల్‌ఈడీ పెడితే ఆ టెన్షన్ లేదు.

హైదరాబాద్‌కి ఇక్కడొక అదృష్టం ఉంది. సరిగ్గా డిసెంబర్‌లోనే ధూల్‌పేటలో సంక్రాంతి పతంగుల పని జోరుమీద ఉంటుంది. సన్నగా చీల్చిన వెదురు, పల్చటి రంగు కాగితం, జిగురు, వంపు తిప్పడం తెలిసిన చేతులు. స్టార్‌కి కావలసినవన్నీ ఆ గల్లీల్లోనే ఉన్నాయి. వాళ్ళకి మనం స్టార్లు ఆర్డర్ ఇస్తే పతంగుల సీజన్‌కి ముందే కొంత పని దొరుకుతుంది. కాగితం స్టార్ వానకి తడిస్తే పోతుంది కదా అంటారు. పోయేది కాగితమే. వెదురు చట్రాన్ని అటక మీద పెట్టుకుని ఏటా కాగితం మార్చుకోవచ్చు, నచ్చిన రంగూ వేసుకోవచ్చు. రంగు వెలిసిపోయిన ప్లాస్టిక్ స్టార్‌ని బాగు చేసుకునే దారే లేదు.

చెట్టు విషయంలో మాత్రం నా మాట కొందరికి వింతగా అనిపించవచ్చు. ఇంట్లో ఇప్పటికే ప్లాస్టిక్ ట్రీ ఉంటే దాన్ని పారేయకండి. బ్రిటన్‌లోని కార్బన్ ట్రస్ట్ అనే సంస్థ లెక్క ప్రకారం రెండు మీటర్ల ప్లాస్టిక్ చెట్టు వెనక సుమారు 40 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైన ఉద్గారాలు ఉంటాయి. అదే ఎత్తు అసలు చెట్టును వాడి చెత్తకుప్పలో పడేస్తే 16 కిలోలు. అంటే ప్లాస్టిక్ చెట్టు చేసిన నష్టం కొన్న రోజే జరిగిపోయింది. ఏళ్ళ తరబడి వాడితేనే దానికి న్యాయం. ‘ఎకో ఫ్రెండ్లీ’ అని రాసి ఉన్న కొత్త చెట్టు కోసం పాతదాన్ని బయట పెడితే ఏ లాభమూ లేదు, అందులోని పీవీసీ కాలిందంటే విషవాయువులు వస్తాయి కూడా. కొమ్మలు రాలుతుంటే ఆ వైపు గోడకి తిప్పండి, రాలినవాటిని తీగకి చుట్టి గుమ్మానికి కట్టండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి దారులు చాలా ఉన్నాయి. నర్సరీల్లో క్రిస్మస్ ట్రీ అని అమ్మే అరకేరియాను కుండీలో పెంచుకోవచ్చు, కానీ దానికి వెలుతురు కావాలి. మూడు వారాలు హాల్లో ఏసీ కింద ఉంచితే వాడిపోతుంది. బాల్కనీలోనే ఉంచి అక్కడే అలంకరించడం మంచిది. కోస్తా ఊళ్ళలో సరుగుడు కొమ్మ తెచ్చి తడి ఇసుక డబ్బాలో నిలబెట్టడం పాత పద్ధతి. ఆ సన్నటి ఆకు దీపాల వెలుగులో ఏ ఫర్ చెట్టుకీ తీసిపోదు. రెండూ కుదరకపోతే బాల్కనీలో ఉన్న నిమ్మచెట్టుకే సీరియల్ లైట్లు చుట్టండి. వేలాడదీయడానికి ఏటికొప్పాక బొంగరాలు, గిలక్కాయలు వాడొచ్చు. అంకుడు కర్ర, లక్క, మొక్కల నుంచి తీసిన రంగులు. 2017లో వాటికి జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, ఆ సహజ రంగులను నిలబెట్టిన సి.వి. రాజుకి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. మెరుపు పొడి బంతులు వీటి పక్కన వెలవెలబోతాయి. ఆ మెరుపు పొడిలో ఎక్కువ భాగం సన్నటి ప్లాస్టిక్కే. యూరోపియన్ యూనియన్ 2023 అక్టోబర్ నుంచి విడి ప్లాస్టిక్ గ్లిటర్ అమ్మకాన్ని ఆపేసింది.

మన చట్టం కూడా ఊరుకోలేదు. 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించిన ప్లాస్టిక్ వస్తువుల్లో అలంకరణకి వాడే థర్మోకోల్ ఉంది, 100 మైక్రాన్ల కన్నా పల్చనైన పీవీసీ బ్యానర్లూ ఉన్నాయి. అయినా థర్మోకోల్ గంటలు, నక్షత్రాలు ఇప్పటికీ దొరుకుతూనే ఉన్నాయి. సెమీ క్రిస్మస్ శుభాకాంక్షల ఫ్లెక్సీల సంగతి చెప్పనక్కర్లేదు. వినాయక చవితికి మట్టి విగ్రహాల గురించి ఈ నగరం ఏటా మాట్లాడుకుంటుంది, కొంత మారింది కూడా. డిసెంబర్‌లో మనం ఆ మాటే ఎత్తం. మన పండగకి కూడా అదే ప్రశ్న వేసుకోవడం మన బాధ్యత అనుకుంటున్నాను.

అయితే ఈ భారం ఎవరి మీద పడాలన్నది తేల్చుకోవాలి. బస్తీలో ఒక చిన్న ఇంటి ముందు వేలాడే ప్లాస్టిక్ స్టార్ మీద నాకు ఫిర్యాదు లేదు. దాన్ని పాత చీరలో చుట్టి దాచి ఏళ్ళ తరబడి వాడేది వాళ్ళే. ఏటా థీమ్ మార్చి, నిరుడు ఎరుపు–బంగారం, ఈసారి తెలుపు–వెండి అంటూ మొత్తం సెట్టు కొత్తగా తెప్పించే గేటెడ్ కమ్యూనిటీలు, మాల్స్, పెద్ద చర్చిలే అసలు చెత్తకి కారణం. ముందు మారాల్సింది అక్కడే.

చర్చిలకి ఇది కష్టమేమీ కాదు. స్టార్ కట్టేదీ, పాక వేసేదీ ఎలాగూ యూత్ పిల్లలే. నవంబర్ ఆఖరునో డిసెంబర్ మొదట్లోనో ఆగమన కాలం (క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాల కాలం) మొదలయ్యేలోపే పాస్టర్లు, కమిటీ పెద్దలు ఒక నిర్ణయం చెప్పాలి: ఈసారి థర్మోకోల్ వద్దు, ఫ్లెక్సీ బదులు గుడ్డ బ్యానర్, గుడ్డపై తేదీ వేయకపోతే వచ్చే ఏడాదికీ అదే. వేదిక ముందు గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి తెచ్చిన చామంతులు, బంతులు. స్టార్ల ఆర్డర్ మాత్రం ధూల్‌పేటకి నవంబర్‌లోనే వెళ్ళాలి. డిసెంబర్ సగం దాటాక అడిగితే వాళ్ళు పతంగుల పనిలో తల ఎత్తరు.