మెనోపాజ్ తర్వాతి నొప్పి: ముందు అడగాల్సింది డాక్టరే

ఈమధ్య మెనోపాజ్ మీద బాగానే మాట్లాడుతున్నారు. వేడి ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, కీళ్ల నొప్పులు, చిరాకు... ఆదివారం పేజీల్లో, యూట్యూబ్ ఇంటర్వ్యూల్లో అన్నీ వస్తున్నాయి. పడకగది దాకా, కలిసేటప్పుడు వచ్చే నొప్పి దాకా వచ్చేసరికి మాత్రం అందరికీ దగ్గొస్తుంది. ఆడవాళ్లు సిగ్గుపడి చెప్పరు కాబట్టి ఏం చేయలేమని డాక్టర్లు అంటారు. ఈ వాదన నాకు అస్సలు మింగుడు పడదు. షుగరుందని ఎవరైనా తమంతట తాము చెబుతారా? డాక్టరే అడుగుతారు, పరీక్ష రాస్తారు. ఇదీ అంతే.

శరీరంలో జరిగేది పెద్ద రహస్యమేం కాదు. మన దేశంలో ఆడవాళ్లకు సగటున 46, 47 ఏళ్లకే నెలసరి ఆగిపోతోంది. ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ తగ్గేసరికి యోని గోడ పలచబడుతుంది, తడి ఆరిపోతుంది, సాగే గుణం పోతుంది. మేలు చేసే బ్యాక్టీరియా తగ్గి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు తిరగబెడుతుంటాయి. ఈ బాధలన్నిటికీ కలిపి 2014లో అంతర్జాతీయ వైద్య సంఘాలు ఒకే పేరు పెట్టాయి: జెనిటోయూరినరీ సిండ్రోమ్ ఆఫ్ మెనోపాజ్. వేడి ఆవిర్లు చాలామందికి కొన్నేళ్లకు తగ్గుముఖం పడతాయి. ఇది అలా కాదు. వదిలేస్తే ముదురుతుందే తప్ప పోదు.

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో రద్దీగా ఉన్న క్లినిక్‌లో సాయంత్రం ఓపీకి వెళ్లి కాసేపు కూర్చోండి. యాభైకి దగ్గరపడిన మనిషి లోపలికి వెళ్తుంది, ఫైలు పట్టుకుని వెనకే భర్త. కర్టెన్ అవతల బల్ల మీద ఇంకో పేషెంట్. తలుపు దగ్గర తర్వాతి టోకెన్ ఆవిడ అప్పటికే ఒక కాలు లోపల పెట్టి ఉంటుంది. "ఏంటమ్మా?" అంటే "యూరిన్‌కి వెళ్తే మంటగా ఉంటోందండీ" అంటుంది. ఐదు రోజులకు యాంటీబయాటిక్ రాస్తారు. నెల తిరక్కుండా ఆవిడ మళ్లీ వస్తుంది. మూత్రంలో క్రిములున్నాయేమో చూసే కల్చర్ పరీక్ష చేయిస్తే ఏమీ ఉండదు, ఈసారి ఇంకో యాంటీబయాటిక్. భర్త దగ్గరికొస్తేనే భయమేస్తోందని, కలిసినప్పుడల్లా గీరుకుపోయినట్టు మండుతోందని ఆ గదిలో, ఆ జనం మధ్య ఏ ఆడమనిషి చెబుతుంది? భర్తను రెండు నిమిషాలు బయట కూర్చోమని, "కలిసేటప్పుడు నొప్పి ఉంటోందా అమ్మా?" అని అడిగితే సగం వైద్యం అక్కడే అయిపోతుంది.

మిగతా సగానికి మందు ఉంది. ముందు పొడిదనం తగ్గించే మాయిశ్చరైజర్లు, కలిసేటప్పుడు వాడే లూబ్రికెంట్లు. వాటితో కుదరకపోతే యోనిలో రాసుకునే తక్కువ మోతాదు ఈస్ట్రోజన్ క్రీమ్. సాధారణంగా మొదటి రెండు వారాలు రోజూ, తర్వాత వారానికి రెండుసార్లు. రక్తంలోకి చేరేది చాలా తక్కువ. ట్యూబ్ ధర కూడా వందల్లోనే. మరి ఎందుకు రాయరంటే, "హార్మోన్లా? క్యాన్సర్ రాదూ?" అనే భయం. అమెరికాలో 2002లో హార్మోన్ల మీద చేస్తున్న ఒక పెద్ద అధ్యయనాన్ని మధ్యలో ఆపేసినప్పుడు పుట్టిన భయమిది. అందులో ఇచ్చినవి మింగే మాత్రలు, వాడిన వాళ్ల సగటు వయసు 63. ఆ భయాన్ని తెచ్చి క్రీముకు కూడా అంటగట్టారు. బ్రిటన్‌లో 2022లోనే 50 దాటిన ఆడవాళ్లకు యోనిలో పెట్టుకునే ఈస్ట్రోజన్ బిళ్లను ప్రిస్క్రిప్షన్ లేకుండా ఫార్మసీలో ఇవ్వడానికి అనుమతించారు. ఈ మందుల లేబుల్ మీద గడి కట్టి వేసే గట్టి హెచ్చరికను తీసేయిస్తున్నట్టు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 నవంబరులో ప్రకటించింది. రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గిన వాళ్లు క్యాన్సర్ డాక్టరును అడక్కుండా వాడకూడదు. నెలసరి ఆగిన ఏడాది తర్వాత మళ్లీ రక్తం కనిపిస్తే ఇవన్నీ పక్కన పెట్టి ముందు పరీక్ష చేయించుకోవాలి. మిగిలిన వాళ్లకు క్రీము రాయడానికి ఇంత జంకు దేనికో నాకు అర్థం కాదు.

వయసుతో వచ్చేది సహజం, దానికి మందులేమిటి, మనవల్ని ఎత్తుకునే వయసులో ఇదంతా ఎందుకు అనేవాళ్లున్నారు. ఇక చాలు, హాయిగా ఉంది అనుకునే ఆడవాళ్లూ ఉన్నారు, అది వాళ్లిష్టం. కానీ చత్వారం కూడా సహజమే. కళ్లజోడు వద్దని ఎవరూ అనరే! నొప్పి వల్ల మానుకోవడం వేరు, వద్దనుకుని మానుకోవడం వేరు. పైగా మూత్రం మంట, దురద, కూర్చుంటే ఒరుసుకుపోవడం భర్త లేని ఆవిడకు కూడా ఉంటాయి.

మగవాళ్ల సంగతి చూడండి. మగతనం మందుల పోస్టర్ లేని బస్టాండ్ గోడ ఉందా? బీపీ, షుగరు వచ్చి తనకే పట్టు తప్పుతుంటే ఆ మందులకు గుట్టుగా వేలు పోసే పెద్దమనిషి, భార్య దూరం జరిగితే మాత్రం "దానికి భక్తి ఎక్కువైంది" అంటాడు. దశాబ్దాల పాటు వారపత్రికల్లో తెలుగువాళ్ల సందేహాలకు మొహమాటం లేకుండా జవాబులిచ్చిన డాక్టర్ సమరం గారు ఉన్న ఊరు విజయవాడ. ఆ ఊళ్లోనే యాభై ఏళ్ల ఆడమనిషి మంటకు పేరు లేకుండా పోయింది.

నన్ను అసలు మండించేది ఇంకోటుంది. యాభై దాకా ఎందుకు, మన దగ్గర ముప్పై ఐదుకే మెనోపాజ్ తెప్పిస్తున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.3 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం. తెల్లబట్ట అవుతోందన్నా, బ్లీడింగ్ ఎక్కువన్నా "పిల్లలు పుట్టేశారుగా, తీయించేసుకో, క్యాన్సర్ టెన్షన్ ఉండదు" అనే మాట. మిరప కాయలకు తొడిమలు తీసే కూలికి వెళ్లే ఆవిడ దగ్గర నెలనెలా సెలవు పెట్టే వీలుండదు, సరే అంటుంది. అండాశయాలు కూడా తీసేస్తే రాత్రికి రాత్రే మెనోపాజ్. ఉంచినా కొందరిలో అవి ముందే పని మానేస్తాయి. ఆ తర్వాత ముప్పై ఏళ్ల పాటు వచ్చే పొడిదనం గురించి, నొప్పి గురించి, ఎముకల గురించి సంతకం పెట్టించుకునే రోజున చెప్పేవాళ్లెందరు? కోతకు ప్యాకేజీ ఉంది. కూర్చోబెట్టి మాట్లాడడానికి ఏ పథకంలోనూ రేటు లేదు. మాట్లాడే వైద్యం చచ్చిపోయి కోసే వైద్యం మిగలడానికి కారణం ఇదే. మోకాళ్లకైనా, సిజేరియన్లకైనా ఇదే కథ.

అనవసరంగా గర్భసంచులు తీయకుండా కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. జిల్లా స్థాయిలో పర్యవేక్షక కమిటీలు ఉండాలన్నది అందులోదే. ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల కలెక్టర్లు ఒక పని చేయొచ్చు. ఏ ఆస్పత్రిలో ఏడాదికి ఎన్ని గర్భసంచులు తీశారు, అందులో నలభై లోపు వాళ్లెందరు, ఎంతమందికి అండాశయాలు కూడా తీసేశారు, వాళ్లలో ఎంతమందికి ఆ తర్వాత హార్మోన్ చికిత్స గురించి చెప్పారు, ఈ నాలుగు అంకెలూ ఆస్పత్రి పేరుతో సహా బయటపెట్టాలి. ముప్పై దాటిన వాళ్లందరికీ బీపీ, షుగరు, క్యాన్సర్ల స్క్రీనింగ్ ఎలాగూ చేస్తున్నారు. ఆ ఫారంలో నొప్పి గురించి ఒక ప్రశ్న చేర్చి, ఏఎన్ఎమ్‌తో విడిగా అడిగించడానికి కొత్త భవనం కట్టక్కర్లేదు, కొత్త పోస్టూ అక్కర్లేదు.