కొసరు గారికి పావు పొట్ట వ్రాయునది

మహారాజశ్రీ కొసరు గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ తమరు క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలి గానీ, తమరి క్షేమం గురించి నాకేం బెంగ లేదు. గరిటె ఉన్న ప్రతి ఇంట్లో తమరు దిట్టంగానే ఉన్నారు. సన్నబడుతున్నది నేనొక్కదాన్నే.

విషయం తమరిదాకా వచ్చే ఉంటుంది. ఐదు వారాల కిందట హైదరాబాదులో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నాను. స్లీవ్ అంటారు. పొట్టకి ఐదు చిన్న చిల్లులు పెట్టి, లోపలి సంచీలో మూడొంతులకు పైగా కత్తిరించి బయటికి లాగేసి, మిగిలినదానికి వరసగా పిన్నులు కొట్టి అరటికాయలాంటి గొట్టం చేశారు. ఇప్పుడందులో పట్టేది 100 నుంచి 150 మిల్లీలీటర్లు. టీకొట్టు గ్లాసు అంచుదాకా నింపితే ఇంచుమించు అంతే. అంటే అసలు పోయింది, నాకు మిగిలిందే కొసరు. కొసరు మీద మళ్ళీ కొసరు ఎక్కడ వేస్తారండీ? అది అడుగుదామనే ఈ ఉత్తరం.

బజార్లో తమరితో నాకెప్పుడూ పేచీ లేదు. తోటకూర కొంటే నాలుగు కరివేపాకు రెబ్బలు సంచీలో పడేయించుకున్నాను. మూర మల్లెపూలు కొలిచాక ఇంకో జానెడు వదిలి తెంపమన్నాను. పాలవాడు కొలిచి పోశాక పైన ఒంపే ఆ చుక్క కోసం గిన్నె వెనక్కి తీయకుండా నిలబడ్డాను. అప్పుడు తమరెంత ముద్దొచ్చేవారో. గుమ్మం దాటి వంటింట్లోకి వచ్చాకే తమరి అసలు రంగు బయటపడింది.

మగవాళ్ళకు తమరు కంచంలో పడతారు. మాకు గిన్నె అడుగున మిగులుతారు. రాత్రి పదింటికి అందరి భోజనాలూ అయ్యాక చూస్తే గుప్పెడు అన్నం, రెండు ముక్కల వంకాయ కూర, పిల్లాడు సగం కొరికి వదిలేసిన దోసె. ఫ్రిజ్‌లో పెట్టడానికి తక్కువ, పారేయడానికి ఎక్కువ. అన్నం పరబ్రహ్మ స్వరూపం కదా, ఆ పరబ్రహ్మని సింకులో పోయలేక పద్దెనిమిదేళ్ళు నేనే మోశాను. పాపమంతా తమరి ఖాతాలో రాయను లెండి. థైరాయిడ్ ఉంది, మా నాన్నవైపు అందరివీ ఇవే ఒళ్ళు, మోకాళ్ళ నొప్పితో నడక మానేసింది కూడా నేనే. కానీ ఆపరేషన్‌కి ముందు కాటా మీద కనిపించిన 112 కిలోల్లో తమరి వాటా ఎంతో తమరి మనస్సాక్షికే తెలియాలి. చిత్రమేమిటంటే, "ఇంకొంచెం వేసుకో" అన్న నోళ్ళే పెళ్ళిళ్ళలో నన్ను పక్కకి పిలిచి "ఏంటమ్మా, ఇంత ఒళ్ళు చేశావు" అన్నాయి. చేతిలో గరిటె అలాగే ఉండేది.

తమరికో శాస్త్రీయ సమాచారం. ఆకలిని రేపే గ్రెలిన్ అనే హార్మోను ఉందని 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. అది ఎక్కువగా తయారయ్యేది కడుపు పైభాగంలో. నాకు కోసి పారేసింది సరిగ్గా ఆ భాగాన్నే. అందుకే ఇప్పుడు గడియారం చూసి తింటున్నాను తప్ప ఆకలేసి కాదు. డాక్టరు గారు ఈ మాట చెప్పినప్పుడు తమరి పని కూడా అయిపోయిందని లోలోపల సంబరపడ్డాను. పిచ్చిదాన్ని. తమరి ఫ్యాక్టరీ నా కడుపులో లేదు, మా పిన్ని మోచేతిలో ఉంది. దాన్ని కోసే సర్జను ఇంకా పుట్టలేదు.

నా భోజన వైభవం కూడా వినండి. మొదటి రెండు రోజులూ మందు కొలిచే మూతతో 30 మిల్లీలీటర్ల నీళ్ళు, అవీ గుక్కగుక్కగా. తర్వాత రెండు వారాలు పప్పు కట్టు, పల్చటి మజ్జిగ, వడగట్టిన సూపు, సున్నం నీళ్ళలా ఉండే ప్రొటీన్ పొడి. ఆ తర్వాత మిక్సీ రాజ్యం. దాని గురించి రాయను, సొరకాయనీ కోడిమాంసాన్నీ కలిపి రుబ్బితే ఏ రంగొస్తుందో తెలియకపోవడమే తమరికి మంచిది. ఇప్పుడు ఐదో వారం, మెత్తటి తిండికి ప్రమోషన్ వచ్చింది. ఉడికించిన గుడ్డు, చిదిపిన పనీరు, ముళ్ళు తీసిన చేప, గరిటెజారుగా పెసరపప్పు, పెరుగు.

ఇవన్నీ తినేది మా అబ్బాయి వెండి ఉగ్గు గిన్నెలో. అన్నప్రాశనకి మా అమ్మ పెట్టింది. అటకమీద పెట్టెలోంచి తీసి చింతపండుతో తోమితే తళతళలాడింది. నలభై రెండేళ్ళ ఆడమనిషి ముక్కు ఉన్న గిన్నెలో పప్పు తింటుంటే, ఆ గిన్నె అసలు హక్కుదారు, మీసాలొచ్చిన పదహారేళ్ళ వాడు, ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు.

రోజుకి కనీసం 60 గ్రాముల ప్రొటీన్ పడాలి. గుడ్డుకి ఆరు గ్రాములు, ఇడ్లీకి రెండు. ఈ లెక్కలో అన్నానికి చోటే లేదు. ఉన్నా అది ముద్దలా అంటుకుపోతుందని ఇంకొన్నాళ్ళు వద్దన్నారు. ప్రతి ముద్దా పాతికసార్లు నమలాలి, గిన్నె అరగంట సాగాలి, నీళ్ళు తిండితో కలపకూడదు, తిన్న అరగంటకు గానీ తాగకూడదు. తిండి తగ్గితే పనీ తగ్గుతుందనుకున్నాను. రోజంతా ఇదే పని. బి12, ఐరన్, కాల్షియం బిళ్ళలు బతికున్నంతకాలం వేసుకోవాలట. ఇకమీద నాకు రాసిపెట్టిన కొసరు అదే.

ఇలాంటి సమయంలో పోయిన ఆదివారం తెనాలిలో మా పిన్ని కూతురి గృహప్రవేశం. నా డబ్బా నేను పట్టుకెళ్ళాను, పెసరపప్పూ పెరుగూ. బంతిలో కూర్చుని మూత తీశానో లేదో పిన్ని గారెల పళ్ళెంతో ప్రత్యక్షం.

"ఇదేంటే, మా ఇంటికొచ్చి డబ్బా తెరుస్తావు?"

"ఆపరేషన్ కదా పిన్నీ, మెత్తటివే తినాలి."

"గారె మెత్తనే. దూదిలా వచ్చాయి, చూడు."

"పడవు పిన్నీ."

"ఒంటి గారె పెట్టకూడదు, రెండు వేస్తున్నా. సగమే తిను."

ఒకటి పెట్టకూడదు కాబట్టి రెండు, రెండు తినలేను కాబట్టి సగం. ఈ గణితం తమరిదే, ఇంకెవరికీ చేతకాదు. చుట్టూ కూర్చున్న పద్నాలుగు మంది నా నోటికేసి చూస్తున్నారు. ఇంత ముక్క తుంచి నోట్లో వేసుకున్నాను. అల్లం, మిరియం, కరకరలాడే అంచు. ఐదు వారాల తర్వాత నా పళ్ళకింద మొదటిసారి చప్పుడైంది. నిజం చెప్పొద్దూ, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాతిక నమలాల్సింది, పదకొండుకే మింగేశాను.

అరనిమిషంలో రొమ్ము ఎముక కింద ఎవరో రోకలి నిలబెట్టినట్టయింది. పైకి రాదు, కిందికి పోదు. నోరంతా తెల్లటి నురగ ఊట. వరసగా వేసిన విస్తళ్ళ మధ్యనుంచి పెరట్లోకి పరిగెత్తి, కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడ పట్టుకుని నిలబడ్డాను. వెనకే తమరు. పిన్ని చేతిలో చెంబు రూపంలో. "నీళ్ళు తాగవే, దిగుతుంది!" దారి అడ్డం పడ్డాక పైనుంచి నీళ్ళు పోస్తే అవీ వెనక్కే వస్తాయని, బాత్రూములో జాలీకి మెతుకులు అడ్డం పడితే జరిగేది అదేనని చెప్పడానికి నాకు నోరు లేదు. పది నిమిషాలకి ఆ ముక్క వచ్చిన దారినే వెళ్ళిపోయింది. పిన్ని నా వీపు నిమిరి "పోన్లే, కడుపు ఖాళీ అయిందిగా, ఇప్పుడు పరమాన్నం తిను, అదైతే మెత్తన" అంది.

ఆమె మీద కోపం రాలేదు. ఆమెకి ప్రేమ చూపించడానికి చేతనైన పరికరం గరిటొక్కటే, దాన్నిప్పుడు నేను పనికిరాకుండా చేశాను. కోపం తమరి మీదే. ప్రేమంతా ఒక్క తమరి చేతికే గుత్తకిచ్చేశాం. "వద్దు" అంటే మొహమాటం, "చాలు" అంటే ఇంకో గరిటె. ఆఖరికి విస్తరి మీద చేతులు అడ్డం పెట్టి వాలిపోతే, ఆ చేతుల మీదే వేసే వంశం మాది.

కాబట్టి తమరికి ఇందుమూలంగా తెలియజేయునది: రేపటినుంచి మా ఇంట్లో తమరు పూలలో, కరివేపాకులో, పాలవాడి దగ్గర యథావిధిగా ఉండవచ్చు. వంటింట్లో మాత్రం...

ఇక్కడిదాకా రాసి పప్పు తినడానికి లేచాను. వారం నుంచి మా అమ్మ ఇక్కడే ఉంది. ఉగ్గు గిన్నెలో సరిగ్గా కొలత గీతదాకా పెసరపప్పు వేసి, చెంచా వీపుతో చదును చేసి, నాకేసి ఓసారి చూసి, చెంచా కొసతో ఇంకాస్త పైన పెట్టింది. "అది లెక్కలోకి రాదులే" అంది. అరగంట తిన్నాను. సరిగ్గా ఆ కాస్తే మిగిలింది. జీవితంలో మొదటిసారి, తినకుండా, పారేద్దామని గిన్నె పట్టుకుని లేచాను.

"పారేయడం ఎందుకే" అంటూ అమ్మ గిన్నె అందుకుంది. అమ్మకి షుగరు, ఇందాకే భోంచేసింది కూడా. నేను వద్దనేలోపే వేలితో అడుగుదాకా తుడిచి నోట్లో వేసుకుంది.

ఇట్లు,
తమరి మాజీ గిన్నె