న్యూట్రలైజ్ చేయడమైనది

పోయిన మంగళవారం నా ఫోనుకు ఒక శుభవార్త వచ్చింది. "మీ ఫిర్యాదులోని దుర్వాసన న్యూట్రలైజ్ చేయడమైనది. ఫిర్యాదు మూసివేయబడినది. మా సేవకు స్టార్లు ఇవ్వగలరు." ముక్కుకు తువ్వాలు కట్టుకుని చదివాను కాబట్టి ఆనందం కళ్లలో మాత్రమే కనపడింది.

మాది అంబర్‌పేట. మూసీలో కలిసే నాలా ఒకటి మా గల్లీ వెనకగా పోతుంది. ఆ వాసన ఎలా ఉంటుందో హైదరాబాద్ పాఠకులకు చెప్పక్కర్లేదు, ఈపాటికే లేచి కిటికీ మూసి ఉంటారు.

ముందురోజు ముగ్గురు వచ్చారు. ఒకాయన సూపర్‌వైజర్. రెండో కుర్రాడి వీపున పొలాల్లో పురుగుమందు కొట్టే డబ్బా. మూడో ఆయన ఉద్యోగం ఫోటోలు తీయడం. నాలా గట్టున నిలబడి కుర్రాడు నాలుగు సార్లు పంపు కొట్టాడు. నిమ్మకాయ వాసన గుప్పుమంది. మా ఎదురింటి మాస్టారు ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. గేటు పట్టుకుని అడిగారు.

"ఏం కొడుతున్నావు నాయనా?"

"న్యూట్రలైజర్ సార్."

"ఆమ్లమా, క్షారమా?"

"లెమన్ సార్."

మాస్టారు కాసేపు మాట్లాడలేదు. మురుగులోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ ఆమ్ల స్వభావమున్న గ్యాసు. దానికి విరుగుడు క్షారం. ఆమ్లం మీదికి నిమ్మకాయను తోలిన శాఖను ఆయన తన సర్వీసులో చూసి ఉండరు. "అది సెంటు నాయనా, న్యూట్రలైజర్ కాదు" అన్నారు చివరికి.

"ఏం గాదు సార్. వాసనకు వాసన కొడితె న్యూట్రల్ అయితది" అన్నాడు సూపర్‌వైజర్. ఇంతలో ఫోటో ఆయన, "సార్, మీరు జర పక్కకు జరగుండ్రి, మీ తువ్వాలు పడుతుంది" అన్నాడు నాతో. జరిగాను. సాయంత్రానికి గల్లీ అంతా ఎవరో మోరీలో పులిహోర కలిపినట్టుంది. మా ఇంట్లో పులిహోర చేయడం మానేశారు, ఇది మాత్రం రాసుకోండి.

మంగళవారం నుంచీ ఈ 'న్యూట్రలైజ్' అన్న మాట నన్ను వదలడం లేదు. బడిలో మనకు చెప్పిన తటస్థీకరణం నిజాయితీ గల వ్యవహారం. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, కాస్టిక్ సోడా సరిగ్గా కలిస్తే ఉప్పూ నీళ్లూ మిగులుతాయి. ఏం పోయింది, ఏం మిగిలింది అన్నది కాగితం మీద కనపడుతుంది. కరెంటు వాళ్ల న్యూట్రల్ కూడా అంతే. అది తెగిందంటే మీ టీవీ, ఫ్రిజ్జే కాలిపోయి సాక్ష్యం చెబుతాయి. జర్మన్లో చక్రాన్నీ సలహానీ ఒకేలా 'రాట్' అని పలుకుతారు, మాట చివర డకార టకారాల తేడా చెరిగిపోతుంది. భాషాశాస్త్రం వాళ్లు దాన్నీ న్యూట్రలైజేషనే అంటారు. అందులో ఎవరూ చావలేదు కాబట్టి దాని జోలికి పోను.

చచ్చే చోట సంగతి వేరు. వియత్నాం యుద్ధంలో శత్రువు మనుషులను ఏరివేయడానికి అమెరికా నడిపిన ఫీనిక్స్ కార్యక్రమం 1968–72 మధ్య 81,740 మందిని 'న్యూట్రలైజ్' చేసిందని లెక్క. లొంగిపోయినవాడు, పట్టుబడినవాడు, ప్రాణం పోయినవాడు అందరూ ఒకే పద్దులో. విడదీస్తే చంపినవాళ్లు 26,369. ఇప్పుడు మన టీవీలోనూ టై కట్టుకున్నాయన న్యూట్రలైజ్ అంటున్నాడు. 'చంపారు' అన్నది మూడక్షరాల మాట. పలకడానికి సులువే, నోరే రాదు.

తెలుగుకు ఈ అరువు అవసరం కూడా లేదు. తేలు కుడితే విరుగుడు, గ్రహం కుడితే పరిహారం. శనికి నువ్వులు ఇచ్చినా పరిహారమే, మ్యాన్‌హోల్‌లో మనిషి పోతే ఇంటికి చెక్కు పంపినా పరిహారమే. ఒకే మాట! దోషం ఎవరిదో అడగకుండా పోగొట్టే మాట.

మురుగుకాలువలో పోయినవాళ్ల కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. ఇవ్వాలి, ఎవరు కాదన్నారు? కానీ రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగులోకి దింపడం 2013 నుంచీ నేరం. నీళ్ల ధార కొట్టి అడ్డు తీసే, గల్లీల్లో దూరే చిన్న జెట్టింగ్ యంత్రాలు ఈ ఊళ్లోనే 2017లో వచ్చాయి. అయినా మనిషే ఎందుకు దిగుతున్నాడు? మీ కెమెరాకు ఆ ఫోటో ఎందుకు దొరకదు? ఆ హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముందు ముక్కు పనిచేయడం మానేస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన ఠక్కున ఆగిపోతుంది. లోపలున్నవాడు వాసన పోయిందనుకుంటాడు. అదీ అసలు న్యూట్రలైజ్ కావడమంటే. పై నుంచి తాడు లాగితే బరువుగా ఉంటుంది, మర్నాడు పేపర్లో 'ఊపిరాడక మృతి' అని వస్తుంది. ఊపిరి దానంతటదే ఆడలేదట! దింపినవాడు ఆ వాక్యంలో ఎక్కడున్నాడు?

శుక్రవారం మళ్లీ వచ్చారు. ఈసారి మల్లె. డబ్బా కుర్రాడి భుజం మీద మోకు కూడా ఉంది. కాళ్లకు హవాయి చెప్పులు.

"మోకు దేనికన్నా?" అన్నాను సూపర్‌వైజర్‌తో.

"లోపల ఏదో అడ్డంపడ్డట్టుంది సార్. దిగి సూడాలె."

నేను ఇంట్లోకి వెళ్లి రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చాను. ఒకటి మ్యాన్‌హోల్ మూత మీద వేసి మాస్టారిని కూర్చోబెట్టి, ఆనించి రెండోది వేసుకుని నేను కూర్చున్నాను. సూపర్‌వైజర్ బతిమాలాడు, కోప్పడ్డాడు, ఎవరికో ఫోన్ చేశాడు. మిషను వచ్చేదాకా లేవం అన్నాం. కుర్రాడు మాత్రం మోకు కింద పెట్టి గోడ నీడన కూర్చుని మా ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగాడు. ఫోటో ఆయన మమ్మల్ని ఒక ఫోటో తీసుకున్నాడు.

రాత్రికి మెసేజ్ వచ్చింది. "ఫిర్యాదుదారు సహకరించనందున మీ ఫిర్యాదు మూసివేయబడినది. మా సేవకు స్టార్లు ఇవ్వగలరు."