శాలువా కప్పి కూర్చోబెట్టాం

మొన్న ఇక్కడ, పరాయి దేశంలో, మన తెలుగు సంఘం ఉగాది సంబరాల్లో జరిగిన పెద్దల సన్మానం మీరూ చూశారు. పన్నెండు మందిని వేదిక మీదికి పిలిచాం, వరుసగా శాలువాలు కప్పాం, ఫోటో తీసి మూడు నిమిషాల్లో దించేశాం. సినిమా డాన్సులకు మాత్రం నలభై నిమిషాలు దొరికాయి.

ఆ పన్నెండు మందిలో మా నాన్నగారూ ఉన్నారు. విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైన మనిషి, వయసు 74. పిల్లల పద్యాల పోటీ మధ్యలో మైకు గరగరమని మూగబోయింది. ఆయన లేచారు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, కాస్త వంగి, వైరు వెంబడి చూసుకుంటూ నాలుగడుగులు వేశారో లేదో, ఒక వాలంటీరు కుర్రాడు భుజం పట్టుకుని, "తాతగారూ, మీరు కూర్చోండి, మేము చూసుకుంటాం" అన్నాడు. ఆయన కూర్చున్నారు. శాలువా మడిచి ఒళ్లో పెట్టుకున్నారు. మైకు పలకడానికి పావుగంట పట్టింది. ఆ అబ్బాయిని అనడానికి నాకు నోరు లేదు. ఇంట్లో ఆయన్ని స్టవ్వు ముట్టుకోనివ్వనిది నేనే.

మనిషి జీవితాన్ని మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ 1950లో ఎనిమిది దశలుగా విడదీశాడు. (దీని మీదే 1962లో అహ్మదాబాదు వచ్చి సదస్సు కూడా నడిపాడు. నాలుగు ఆశ్రమాల వాళ్లకు ఎనిమిది చెప్పాలంటే ధైర్యం కావాలి.) రెండో దశ పసివాళ్లది: "నేనే చేస్తా" అనే పంతం, చేయనివ్వకపోతే సిగ్గు, తన మీద తనకే అనుమానం. ఎనిమిదోది ముసలితనం. 1994లో ఆయన పోయాక, తొంభై దాటిన ఆయన భార్య జోన్ తొమ్మిదో దశను చేర్చింది. ఒంట్లో సత్తువ తగ్గేకొద్దీ పసితనపు గండాలన్నీ మళ్లీ ఎదురవుతాయని ఆమె 1997లో రాసింది.

మన అమ్మానాన్నలకు ఆ దశ తొంభైలో కాదు, విమానం దిగిన రోజే మొదలవుతోంది. ఊళ్లో స్కూటర్ మీద బ్యాంకుకు వెళ్లొచ్చిన మనిషి ఇక్కడ పాల కోసం మనం కారు తీసేదాకా ఆగాలి. కాళ్లు బాగానే ఉన్నాయి, కాలిబాటలే లేవు.

ఊళ్లో అంతా బాగుందని అనను. మా నాయనమ్మ ఎనభై దాటాక కూడా అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీసేది. ఆ పని ఆమెకు ఇష్టమా అని ఎవరమూ అడగలేదు. నడుము నొప్పి అంటే పీట మార్చాం తప్ప పని మాన్పించలేదు. అయినా ఆ బుట్ట లాక్కున్నవాళ్లు లేరు. ఉగాది పచ్చడిలో పడేది ఆమె తీసిన చింతపండే. పులుపు ఎక్కువైతే తిట్లూ ఆమెకే.

కార్యవర్గానికి ఒక మనవి. వచ్చే నెల సీతారాముల కల్యాణానికి శాలువాలు కొనకండి. ఫారంలో '60 దాటినవారికి భోజనం ఉచితం' అన్న గడి పక్కనే 'మీకు ఏ పని వచ్చు?' అని ఇంకో గడి పెట్టండి. పందిరి వేయడం, పానకం కలపడం, పిల్లలకు పద్యం చెప్పించడం, ఎవరికి వచ్చింది వారు రాస్తారు. ఓపిక లేదన్నవారిని హాయిగా కూర్చోనివ్వండి. మైకులూ లైట్ల పనికి ఒక పేరు నేను ఇప్పుడే ఇస్తున్నాను. ఆయన్ని అడిగితే "చూద్దాంలే" అన్నారు. కానీ ఇంట్లో టెస్టర్ ఎక్కడుందని నిన్నటి నుంచి రెండుసార్లు అడిగారు.