పనివేళ ముగిసినా ఆగని సందేశం

‘గ్లిచ్’ అనే ఆన్‌లైన్ ఆట తగినంత ఆదరణ లేక 2012 చివర్లో మూతపడింది. దాన్ని నిర్మించిన స్టువర్ట్ బటర్‌ఫీల్డ్ బృందం తమలో తాము మాట్లాడుకోవడానికి రూపొందించుకున్న ఏర్పాటే 2014లో ఉద్యోగ బృందాలు సందేశాలు పంపుకునే ‘స్లాక్’ యాప్‌గా జనంలోకి వచ్చి, 2021లో సేల్స్‌ఫోర్స్ సంస్థ దాదాపు 2,770 కోట్ల డాలర్లకు సొంతం చేసుకునేంతగా ఎదిగింది. మైక్రోసాఫ్ట్ ఇలాంటిదే అయిన తన ‘టీమ్స్’ యాప్‌ను ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌తో జతచేసి అమ్ముతోందని స్లాక్ 2020లో ఐరోపా సమాఖ్య కార్యనిర్వాహక సంస్థ అయిన ఐరోపా కమిషన్‌కు ఫిర్యాదు చేయవలసి వచ్చిందంటే, ఈ విపణిలో పోటీ ఎంత తీవ్రమో తెలుస్తుంది.

ఈ ఎదుగుదల ఊరికే వచ్చింది కాదు. ఈమెయిల్‌లో ఇద్దరు ముగ్గురి మధ్యే ఉండిపోయే చర్చ ఇక్కడ ప్రాజెక్టువారీ ఛానెల్‌లో బృందమంతటికీ కనిపిస్తుంది. ఆర్నెల్ల కిందటి నిర్ణయానికి కారణమేమిటో నిన్న చేరిన ఉద్యోగి సైతం వెతికి చదువుకోగలడు. ఆ మేలును కాదనలేం. కానీ, ఉద్యోగి ఆన్‌లైన్‌లో ఉన్నాడని తెలుపుతూ పేరు పక్కన వెలిగే పచ్చచుక్క అప్రకటిత హాజరుపట్టీగా మారినచోటే చిక్కు మొదలైంది. హైదరాబాద్‌లో రాత్రి తొమ్మిది దాటేసరికి కాలిఫోర్నియాలో ఆఫీసులు తెరుచుకుంటాయి గనుక, మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో పగలంతా పనిచేసి ఇల్లు చేరిన ఇంజినీరుకు అసలు ప్రశ్నలు భోజనాల వేళకే మొదలవుతాయి. రాత్రివేళ ఫోన్ మోత ఆపే వీలు, సందేశాన్ని మరునాటి ఉదయానికి వాయిదా వేసే వీలు ఈ యాప్‌లలోనే ఉన్నాయి. వాటిని వాడుకునే ధైర్యం కింది ఉద్యోగికి ఉండదు, వాడాలన్న పట్టింపు పై అధికారికి ఉండదు.

వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల వరకు, వారానికి 48 గంటలకు మించకుండా పనిచేయించుకోవచ్చని తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వం 2025 జులైలో ఉత్తర్వులిచ్చింది. ఐటీ సంస్థలకైతే పనివేళల నిబంధనల్లో మినహాయింపులు ఏళ్లుగా ఉన్నాయి. ఇంటి నుంచి ఇచ్చే జవాబులు ఏ లెక్కలోకి వస్తాయో ఎవరూ చెప్పరు. పనివేళల తర్వాత ఉద్యోగి అందుబాటులో లేకుండా ఉండే హక్కును ఫ్రాన్స్ 2017లో, ఆస్ట్రేలియా 2024లో చట్టబద్ధం చేశాయి. మన లోక్‌సభలో 2018లో ఎంపీ సుప్రియా సూలే ఇదే హక్కు కోసం ప్రవేశపెట్టిన ప్రైవేటు బిల్లు మాత్రం చట్టం కాలేదు.

అమెరికా క్లయింట్ సంస్థలను నమ్ముకున్న నగరం రాత్రిపూట పూర్తిగా తలుపులు మూసుకోలేదన్న వాదనలో నిజం ఉంది. అలాంటప్పుడు రాత్రి ఎవరు అందుబాటులో ఉండాలో వంతులవారీగా ముందే రాసిపెట్టి, ఆ గంటలను పనిగంటలుగా లెక్కగట్టి, వంతులేనివారు మౌనంగా ఉంటే దాన్ని వార్షిక మదింపులో తప్పుగా చూపకూడదని సంస్థలు లిఖితపూర్వకంగా ప్రకటించాలి. మినహాయింపులను పొడిగించే ప్రతిసారీ రాష్ట్ర కార్మిక శాఖ దీన్ని షరతుగా పెట్టాలి.